అమ్మకు సందె చూపు పోయిన తపసుకాలం

మొన్నీమధ్య మా కాలనీలో పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఆహారం గురించి చదువుకున్న ఒక అమ్మాయి గంటసేపు మాట్లాడింది. తెర మీద ఒకటొకటిగా బొమ్మలు వేసింది. పసుపులో ఏముందో, మిరియంలో ఏముందో, మెంతులు ఎందుకు మంచివో చెప్పింది. ముదురు ఆకుకూరల్లో నారింజరంగు పదార్థం ఒకటి దాగి ఉంటుందట, పైన ఉన్న పచ్చరంగు వల్ల మన కంటికి కనపడదట. అది ఒంట్లోకి వెళ్లి చూపుకు పనికొస్తుందట. నా పక్కనావిడ అన్నీ పుస్తకంలో రాసుకుంటోంది. "ఇది తగ్గితే ముందుగా వచ్చేది రేచీకటి. ఇప్పుడు మనలో ఎవరికీ ఉండదులెండి" అని నవ్వి, ఆ అమ్మాయి తర్వాతి బొమ్మకు వెళ్లిపోయింది.

అందరూ ఆమె వెంట వెళ్లారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. డెబ్బై దాటినదాన్ని, పట్టపగలు, నలుగురి మధ్యలో కూర్చుని ఉన్నాను. అయినా నా అరచేతులు చల్లబడ్డాయి. ఆ మాటను నేను చివరిసారి విన్నది తొమ్మిదేళ్ల వయసులో.

మా ఊరు రెంటచింతల నుంచి మాచర్ల వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. అప్పటికి కాలువ రాలేదు. కృష్ణ మీద డ్యాము కడుతున్నారు. మా నాన్న ఎడ్లబండి తోలుకుని అక్కడికి రాయి మోసే పనికి వెళ్లి, రెండు వారాలకొకసారి ఆదివారం పూజ వేళకు ఇంటికి వచ్చేవాడు. రెండేళ్లుగా వానలు సరిగ్గా లేవు. ఒక్క బావి కింద పండిన మిరపకాయలు కళ్లంలో ఎండుతుండేవి. ఆ ఘాటు, ఎండకు కాలిన నాపరాళ్ల వాసన, సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లగానే లేచే వేడి ఆవిరి, ఈ మూడూ కలిస్తేనే నాకు మా ఊరు. మార్చి నెల వచ్చేసరికే మధ్యాహ్నం గడప రాయి మీద పాదం ఆనేది కాదు.

మా ముత్తాతల నాడే క్రైస్తవంలో కలిసిన సేద్యగాళ్ల కుటుంబం మాది. విబూది బుధవారం నాడు నుదుటి మీద బూడిద పెట్టించుకుంటే, ఇక పాస్కా పండగ, అదే ఈస్టరు, దాకా నలభై రోజులు తపసుకాలం. మాంసం ముట్టం. జొన్నన్నం, పచ్చిపులుసు, ఎండుమిరపకారం, ఉల్లిపాయ. ఆ ఏడు కరువు కూడా తోడై, మామూలుగా తినేదానికీ తపసుకూ పెద్ద తేడా లేకుండా పోయింది.

ఇంట్లో పెత్తనం నాయనమ్మది. ఆవిడ దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో చిన్న చిన్న గుడ్డమూటలు: శొంఠి, పిప్పళ్లు, వాము, కరక్కాయ, మిరియాలు, పసుపుకొమ్ములు, జాజికాయ. వీధిలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, దగ్గు పట్టినా, పసిబిడ్డకు పాలు అరక్కపోయినా ఆ పెట్టె తెరుచుకునేది. గంధపుసాన మీద శొంఠికొమ్ము అరగదీస్తూ ఎదుటివాళ్లను తిడుతుండేది. మందుకంటే తిట్లకే సగం రోగం పోయేదని మా నాన్న నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. కరక్కాయ ముక్క నోట్లో వేసి, మింగేదాకా దవడ పట్టుకునే మనిషి ఆవిడ. నాకు నాయనమ్మంటే భయం. అమ్మకు నాకంటే ఎక్కువ భయం.

అమ్మకు అప్పుడు ఏడో నెల. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయారు. ఒకడు మూడు రోజులు బతికాడు, ఒకతె అసలు ఏడవనే లేదు. ఈ బిడ్డయినా దక్కాలని, ఆ తపసుకాలమంతా నూనె, నెయ్యి, పాలు, పెరుగు ముట్టనని అమ్మ మేరీమాత పీఠం ముందు మొక్కుకుంది. నాయనమ్మ మెచ్చుకుంది. ఆకుకూరలు ఎలాగూ పెట్టేది కాదు. చూలింతకు ఆకు వాతం చేస్తుందని, బిడ్డకు నంజు పడుతుందని ఆవిడ నమ్మకం. అలా అమ్మ కంచంలో మిగిలింది జొన్నన్నం, పులుసు, కారం.

అమ్మ సంగతి నేను కనిపెట్టింది ఒక కోతిచేష్ట చేస్తూ.

ఆ రోజు పొద్దుగూకే వేళ. అమ్మ పెరట్లో గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. నాయనమ్మ గుడికి వెళ్లింది. నేను అమ్మ ఎదుట గొంతుకూర్చుని, నాయనమ్మలా మూతి ముడిచి, బుగ్గలు లోపలికి పీల్చి, కళ్లు చిట్లించాను. అలా చేస్తే అమ్మ ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. నాలుక బయటపెట్టాను. కళ్లు మెల్ల పెట్టాను. ఇంకా దగ్గరికి జరిగి ముఖంలో ముఖం పెట్టినంత పని చేశాను. అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి. అవి నన్ను దాటి గోడకేసి చూస్తున్నట్టున్నాయి.

"అమ్మా" అన్నాను.

అమ్మ ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావే?" అంది.

ఇంకా చీకటి పడలేదు. నాకు దడి మీద తొండ కూడా కనపడుతోంది. అమ్మ చెయ్యి చాపి గాలిలో వెతికి, నా చెవి తగిలాక అక్కడి నుంచి నా ముఖం తడుముకుంది. ఆ వేళ్లు నా ముఖం మీద తిరుగుతుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"పొద్దు వాలితే నాకు ఏం కనపడటల్లేదే. పగలు బాగానే ఉంటది" అంది చిన్నగా. "ఎవరికీ చెప్పమాక. మీ నాయనమ్మకు అసలు చెప్పమాక."

"ఎందుకు?"

"కళ్లు లేనిదాన్ని ఎవరు పెట్టుకుంటారే? పుట్టింటికి తోలేస్తారు. బిడ్డ పుట్టినా నా చేతికియ్యరు. ఒట్టు పెట్టు."

నా మెడలోని సిలువ పట్టుకుని ఒట్టు పెట్టించుకుంది.

ఆ రోజు నుంచి సందెవేళ నేను అమ్మకు కళ్లనయ్యాను. అమ్మ ఎంత తెలివిగా సర్దుకుందో అప్పుడు అర్థమైంది. వంట పొద్దు ఉండగానే ముగించేది. ఉప్పుపిడత, గరిటె, చెంబు, అన్నీ వెంట్రుకవాసి జరగకుండా ఒకేచోట. "దీపం నువ్వు పెట్టవే, నడుం వంగటల్లేదు" అనేది నాయనమ్మ వినేలా. నేను అమ్మ ముందు నడుస్తూ, "గడప" అని గొణిగేదాన్ని, "కుక్క పడుకుంది" అనేదాన్ని. నాయనమ్మ అడిగితే పాఠం వల్లె వేసుకుంటున్నానని చెప్పేదాన్ని.

ఇంట్లో సంగతి ఎలాగో గడిచేది. నా గుండె జారిపోయేది చెంబు పట్టుకుని బయటికి వెళ్లే వేళకు. ఆ రోజుల్లో ఆడవాళ్లు వెలుగు ఉండగా వెళ్లేవాళ్లు కాదు, పూర్తిగా చీకటి పడ్డాక పాములకు జడిసి వెళ్లేవాళ్లు కాదు. సందెవేళే వెళ్లాలి. మా ఊరి వెనక ముళ్ల చిల్లచెట్ల బీడు. ఆ బీడు నడుమ నాపరాళ్లు తవ్వుకుని వదిలేసిన గుంటలు. రెండు నిలువుల లోతు. అడుగున పగిలిన రాతిపలకలు కత్తుల్లా నిలబడి ఉండేవి. ముందటేడు ఒక గేదె పడితే పైకి తీయలేక అక్కడే వదిలేశారు. అమ్మ నా చిటికెనవేలు పట్టుకునేది. నేను గుంటలకు దూరంగా, చుట్టు తిప్పి తీసుకువెళ్లి తీసుకొచ్చేదాన్ని. తోవంతా ఏవేవో కబుర్లు చెప్పేదాన్ని. కబుర్లు ఆపితే నా వణుకు అమ్మ వేలికి తెలిసిపోతుందని.

ఇంకో భయం కూడా ఉండేది. అది ఎవరికీ చెప్పుకోలేనిది.

తపసుకాలం మొదటి శుక్రవారం నాడు నేను మాంసం తిన్నాను. మా బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల వాళ్లింట్లో ఏదో శుభకార్యం. వాళ్లు మా మతం వాళ్లు కాదు. ధనియాలు, లవంగాలు వేయించి నూరిన మసాలాతో ఉడికిన పొట్టేలు కూర. ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చింది. గిన్నెలో నాలుగు ముక్కలు వేసి ఇస్తే, గాదె చాటున నిలబడి ఎముకలతో సహా చీకాను. ఇంటికొచ్చాక అమ్మ నా చెయ్యి వాసన చూసి, "ఏం తిన్నావే?" అంది. "బెల్లం" అన్నాను. ఆ తర్వాత సరిగ్గా పది రోజులకు అమ్మకు చూపు లేదని నాకు తెలిసింది. ఇంక నాకు వేరే సాక్ష్యం ఏం కావాలి? తిన్నది నేను, అబద్ధం చెప్పింది నేను, దేవుడు శిక్ష వేసింది అమ్మకు. పగలు ఆడుకుంటున్నప్పుడు మరిచిపోయేదాన్ని. పొద్దు పడమటికి వాలి, నా నీడ సాగడం మొదలవగానే మళ్లీ గుర్తొచ్చేది.

ఆ ఏడు పాస్కాకు నేను మొదటిసారి సత్ప్రసాదం, పూజలో ఇచ్చే అప్పం, తీసుకోవాలి. అంతకుముందు పాపసంకీర్తనం చేయాలి, అంటే చేసిన పాపాలు స్వాములవారి చెవిలో ఒప్పుకోవాలి. ఒక శనివారం సాయంత్రం పిల్లలందరినీ గుడికి రమ్మన్నారు. మా గుడి విచారణ స్వాములవారు సముద్రాలవతల నుంచి వచ్చిన ముసలాయన. ఛాతీ దాకా తెల్ల గడ్డం, నశ్యం వాసన. తెలుగు పాత పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు కాబోలు, అలాగే మాట్లాడేవాడు. మేం వెనక చేరి ఆయనలా "పోవుచున్నాను, వచ్చుచున్నాను" అని నవ్వుకునేవాళ్లం.

నా వంతు చివర్లో వచ్చింది. చెక్కగూడు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. జాలీ అవతల ఆయన చెవి మాత్రం కనపడుతోంది. చిన్న పాపాలతో మొదలుపెట్టాను. పలకబలపం దొంగతనం, నాయనమ్మను వెక్కిరించడం. తర్వాత మాంసం. అది బయటపడగానే ఇంక ఆగలేదు, అమ్మ కళ్ల సంగతంతా ఏడుస్తూ చెప్పేశాను. నా ఒట్టు కూడా చెప్పాను.

ఆయన జాలీకి ఇంకా దగ్గరగా వంగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నీవు మాంసము తింటివి. అది తప్పు. అబద్ధమాడితివి. అదియు తప్పు. కాని బిడ్డా, అందువలన నీ తల్లి కన్నులు పోలేదు. దేవుడు అట్టివాడు కాడు."

"మరి ఎందుకు పోయినయ్యి స్వామీ?"

"నేను వైద్యుడను కాను. ఇంటిలో పెద్దవారికి చెప్పుము."

"ఒట్టు పెట్టిచ్చుకుంది స్వామీ."

"ఒకరి ప్రాణము కాపాడుటకు నోరు తెరచినచో అది ఒట్టు తప్పుట కాదు. ఇదియే నీ ప్రాయశ్చిత్తము. మూడు పరలోక జపములు చెప్పి, ఇంటికి పోయి, చెప్పుము. ఈ గూటిలో విన్నది నేను ఎవరికిని చెప్పజాలను. నీవే చెప్పవలెను."

మూడు జపాలు చెప్పి కళ్లు తెరిచేసరికి, కిటికీ అద్దాల్లోంచి నేల మీద పడే రంగుల వెలుతురు లేదు. ఇందాక సాయంకాలపు గంట కొట్టినట్టు గుర్తొచ్చింది. నేను ఏడుపులో ఉండి పట్టించుకోలేదు.

పరుగెత్తాను. ఇంటికి వెళ్లేసరికి నాయనమ్మ అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. "మీ అమ్మ ఒక్కతే పోయింది, నీకోసం చూసి చూసి" అంది. నేను ఆగలేదు.

బీడు అంచు చేరేసరికి పడమట ఎరుపు కూడా ఆరిపోతోంది. మేం రోజూ వెళ్లే తోవలో అమ్మ లేదు. చిల్లచెట్ల వెనక లేదు. అరవబోయి, గుంటల వైపు చూశాను.

అమ్మ గుంట అంచున నిలబడి ఉంది. ఎడమచేతిలో చెంబు, కుడిచెయ్యి కడుపు మీద. ముఖం గుంటకేసి. ఒక కాలి వేళ్లు రాతిపలక దాటి గాలిలో ఉన్నాయి. మనిషి కదలడం లేదు. కొంగు మాత్రం కొట్టుకుంటోంది.

గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతుంది. పరుగున వెళితే కాళ్ల కింద రాళ్లు దొర్లుతాయి. నిలబడిపోయాను. ఆ తర్వాత ఒక్కో అడుగు ఆనించి వేస్తూ వెళ్లాను. నా గుండె చప్పుడు అమ్మకు వినపడి భయపడుతుందేమోనని కూడా అనుకున్నాను. నాలుగు బారల దూరంలో ఆగి, మామూలుగా మాట్లాడటానికి ప్రయత్నించాను.

"అమ్మా, నేనే. కదలమాక."

"ఎటు పక్కన ఉన్నావే?" అంది అమ్మ. ఆ గొంతు అమ్మది కాదు.

"నీ ఎనకాల."

"నా ముందు ఏముందే?"

"ఏం లేదమ్మా" అన్నాను. నిజంగానే ఏమీ లేదు. "ఎనక్కి ఒక అడుగు ఎయ్యి. ఇంకోటి."

అలా చెబుతూనే నేను దగ్గరికి జరిగాను, కొంగు నా చేతికి అందింది. పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని లాగాను. అమ్మ వెనక్కి రెండు అడుగులు వేసి, అక్కడే నేల మీద కూలబడింది. అమ్మ వణుకుతుంటే చెంబులో మిగిలిన నీళ్లు చప్పుడయ్యాయి.

"కాలికి రాయి తగిలి దొర్లింది. ఎంతసేపటికో కింద పడ్డ చప్పుడు వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఏడ ఉన్నానో" అంది. "గుడిగంట కొట్టినప్పటి నుంచి అట్టానే నిలబడ్డా."

గంట కొట్టినప్పుడు నేను జాలీ ఇవతల ఉన్నాను.

ఇంటికి వస్తుంటే, "మీ నాయనమ్మకు చెప్పమాక" అంది మళ్లీ. వాకిట్లో అడుగుపెట్టగానే చెప్పేశాను. అరుస్తూ, ఏడుస్తూ, ముందుది వెనక, వెనకది ముందు.

నాయనమ్మ తిడుతుందనుకున్నాను. ఆవిడ చేతిలో మిరపకాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత లేచి, దీపం తెచ్చి అమ్మ ముఖం దగ్గర పెట్టింది. రెండో చెయ్యి అమ్మ కళ్ల పక్కగా ఆడించింది. అమ్మ దీపం వైపు తిరిగింది గానీ ఆ చేతికేసి చూడలేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"విబూది బుధవారానికి ముందు నుంచే అత్తయ్యా."

"నాకు చెప్పకూడదా?"

అమ్మ తల దించుకుంది.

"నాకు జడిసి చెప్పలేదా?"

నాయనమ్మ ముఖం అలా పాలిపోవడం నేను అంతకుముందు చూడలేదు. లోపలికి వెళ్లి చెక్కపెట్టె తెచ్చి, మూటలన్నీ విప్పింది. ఒక్కోటి వాసన చూసి పక్కన పెట్టింది. మిరియాలు పక్కన పెట్టింది. కరక్కాయ పక్కన పెట్టింది. అన్నీ అయిపోయాక ఖాళీ పెట్టెలోకి చూస్తూ, "ఇందులో లేదే" అంది. అప్పుడు నాకు అసలైన భయం వేసింది. అప్పటిదాకా, అన్నిటికీ మందు తెలిసిన మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారన్న ధైర్యం లోపల ఎక్కడో ఉండేది.

ఆ ఆదివారం నాన్న వచ్చే వారం కాదు. తెల్లవారగానే నాయనమ్మ మంత్రసానికి కబురు పెట్టింది. ఊరికి తూర్పున, అంటరానివాళ్లని విడిగా ఉంచిన పల్లెలో ఉండేది ఆ ముసలామె. మేం వెళ్లే గుడికే ఆమె వచ్చేది, చివరి వరసల్లో కూర్చునేది. మా ఇంటికి కాన్పులప్పుడు తప్ప అరుగు దాటి రానిచ్చేవాళ్లు కాదు. ఆ రోజు నాయనమ్మే లోపలికి రమ్మంది.

మంత్రసాని అమ్మను వెలుతురులో కూర్చోబెట్టి, కనురెప్ప పైకెత్తి చూసింది. నన్నూ చూడమంది. తెల్లగుడ్డు మీద ఒక పక్కగా, సబ్బునురుగు ఎండి అంటుకున్నట్టు చిన్న మచ్చ.

"రేచీకటి" అంది. "ఏం పెడతన్నారమ్మగారూ ఈమెకి?"

"ఏం పెడతా? జొన్నన్నం, పులుసు."

"ఆకు?"

"చూలింతకి ఆకు ఏందే? వాతం."

"వాతం కాదు, ఏం కాదు! ఒంట్లో ఉన్న సారమంతా లోపలి బిడ్డ లాక్కుంటంది. ఈమెకి ఇంకేం మిగలుద్ది? ఇట్టాగే వదిలేస్తే పగటి చూపూ పోద్ది. నేను చూశా అట్టాంటోళ్లని."

నాయనమ్మ గయ్యిమంటుందని గోడకు అతుక్కుపోయాను. ఆవిడ గొంతు మాత్రం లోనికి పోయింది. "నా రెండోదాన్ని మోసేటప్పుడు తోటకూర తిన్నానే. విరోచనాలు పట్టుకుని, ఎనిమిదో నెలలో పోయింది బిడ్డ. మా అత్త నా ముఖాన ఉమ్మేసింది, ఆకు తిని బిడ్డను చంపావని" అంది. నాకు అలాంటి బిడ్డ ఒకతె ఉండేదనే తెలియదు. అమ్మకూ తెలియదనుకుంటాను, తలెత్తి చూసింది.

మంత్రసాని, "అది ఆకు చేసింది కాదమ్మగారూ. చెడునీళ్లు చేసి ఉంటయ్యి" అంది మెత్తగా. "మేకకాలేజం పెడితే తొందరగా గుణం కనపడుద్ది. తపసుకాలం కాబట్టి మీరు పెట్టరు. మునగాకు పెట్టండి. అవిసాకు దొరికితే ఇంకా మంచిది, ఈ ఎండల్లో యాడ దొరుకుద్ది? మీ చేలో మునగ ఎండిపొయ్యింది. మా గుడిసె కాడ ఉంది, అంట్లనీళ్లు తాగి బతికింది. పిల్లను పంపియ్యండి రోజూ."

నాయనమ్మ తల ఊపింది. పల్లెలోని ఆకు మా ఇంటి పొయ్యి ఎక్కడం అదే మొదలు.

"ఒక మాట. ఉత్త ఆకు ఉడకేసి పెడితే లాభం లేదు. నూనె పొయ్యాలి. నూనె తోడు లేకపోతే ఆకులో సారం ఒంటికి పట్టదు."

అమ్మ అప్పుడు నోరు తెరిచింది. "నూనె ముట్టనని మొక్కుకున్నా."

"మొక్కా? కళ్లు పోతంటే మొక్కేందమ్మా?"

"ఇద్దరు పోయారు నాకు. దీన్ని ఇయ్యమని మొక్కుకుని, నడుమన తప్పితే ఊరుకుంటదా మాత? కళ్లు పోతే పోనీ. తినను" అంది అమ్మ. ఏడవలేదు. గుంట అంచున ఎలా నిలబడిందో అలాగే కూర్చుంది. మంత్రసాని చెప్పింది, నేను కాళ్లు పట్టుకున్నాను. వినలేదు.

నాయనమ్మ లేచింది. అమ్మ చెయ్యి పట్టుకుని లేవదీసి, గోడకున్న మేరీమాత పటం ముందుకు తీసుకెళ్లింది. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"తల్లీ, ఇది మొక్కిన మొక్కు నాది. ఈ పూట నుంచి పండగ దాకా నూనె, నెయ్యి, పాలు, పెరుగు నేను ముట్టను. దీనికి సంబంధం లేదు. తప్పితే నన్ను అడుగు" అంది, వీధిలో ఎవరితోనో తగువు తీరుస్తున్నట్టు. అమ్మకేసి తిరిగి, "ఇంక తిను" అంది.

ఆ మధ్యాహ్నమే నేను బుట్ట పట్టుకుని పల్లెకు వెళ్లాను. ఆకు దూయడం మంత్రసానే నేర్పింది. రెమ్మ కొస పట్టుకుని వెనక్కి లాగితే ఆకులన్నీ గుప్పిట్లోకి రాలిపడేవి. చేతులకు పచ్చి వాసన, ఎంత కడిగినా పోయేది కాదు. నాయనమ్మ నువ్వుల నూనెలో ఎండుమిరపకాయ, వెల్లుల్లి వేయించి, ఆకు వేసి, దించేముందు వేయించి దంచిన నువ్వులపొడి చల్లేది. ఒకరోజు కందిపప్పుతో, ఒకరోజు పొడికూరగా. అమ్మ ముందు కూర్చుని, ముద్ద లోపలికి వెళ్లేదాకా కదిలేది కాదు. తను మాత్రం మూలకు వెళ్లి జొన్నన్నంలో పచ్చిపులుసు పోసుకుని తినేది. ఒకసారి నేను కూర పెట్టబోతే చెయ్యి మీద కొట్టింది.

రోజులు గడుస్తున్నా గుణం కనపడలేదు. నాలుగో రోజు, ఐదో రోజు. పొద్దు వాలేసరికి అమ్మ చెయ్యి గాలిలో వెతకడం మొదలుపెట్టేది. రాత్రి పడుకుని నేను లెక్కవేసుకునేదాన్ని, పగటి చూపు పోవడానికి ఎన్నాళ్లు పడుతుందోనని. తెల్లవారగానే అమ్మ ముందు నిలబడి, "నా గౌను ఏం రంగు?" అని అడిగేదాన్ని. అమ్మ రంగు చెప్పాకే ముఖం కడుక్కునేదాన్ని.

రెండో వారం చివర్లో ఒక సాయంత్రం. నేను దీపం బుడ్డి తుడుస్తున్నాను. అమ్మ గడపలో కూర్చుని ఉంది. బయట కోళ్లు గూటికి చేరాయి.

"ఏమే, దడి మీద గౌను తియ్యలేదేం? గాలికి ఎగిరిపోద్ది" అంది.

నేను తీస్తానని రెండడుగులు వేసి ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ కూడా అప్పుడే తను ఏమందో విన్నట్టు దడికేసి చూస్తోంది. లోపల నాయనమ్మ చేతిలోంచి చాట జారి, జొన్నలన్నీ నేలపాలయ్యాయి. ఆవిడ వాటిని ఏరుకోలేదు. కొంగు ముఖానికి కప్పుకుని అక్కడే కూర్చుంది.

పాస్కా పండగ అయిన మూడు వారాలకు మా చెల్లెలు పుట్టింది, గట్టిగా ఏడుస్తూ. బొడ్డు కోసింది ఆ మంత్రసానే. తర్వాత కూడా ఆమె గుడిలో చివరి వరసల్లోనే కూర్చుంది. అది మారలేదు. నాయనమ్మ మాత్రం పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఆమె కోసం ఆగేది. ఇద్దరూ చెట్లమందుల గురించి వాదులాడుకుంటూ నడిచేవాళ్లు. కొన్నేళ్లకు కాలువ వచ్చింది. బీడంతా వరిచేలైంది. గుంటలు పూడ్చి వాటి మీద ఇళ్లు కట్టారు. ఏడాది పొడుగునా ఆకుకూరలమ్మే వాళ్లు వీధుల్లోకి వచ్చారు. నాయనమ్మ పోయాక చెక్కపెట్టెకు చెద పట్టింది. ఆకులో సారం నూనెలోనే కరుగుతుందని ఎక్కడా చదవని ఆ ముసలామెకు ఎవరు చెప్పారో నేను అడగనే లేదు.

అమ్మ ఎనభై దాటాక, ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఉన్నప్పుడు, ఎన్నాళ్ల నుంచో నోటిదాకా వచ్చి ఆగిన మాట అడిగాను. "ఆ రోజు గుంట ఒడ్డున అంతసేపు నిలబడి ఏం అనుకున్నావమ్మా? చానా భయమేసిందా?"

"నా గురించి భయం కాసేపటికే అయిపోయిందే. కాళ్లు కదపకూడదు, అంతే గదా. నువ్వు పరిగెత్తుకుంటా వస్తన్న చప్పుడు వినపడింది చూడూ, అప్పుడేసింది భయం. నీ దూకుడు నాకు తెలుసు. అదే ఊపున వచ్చి నన్ను పట్టుకోబోయి నువ్వు పడతావని. అరుద్దామంటే నోరు రాలేదు. నీ అడుగుల చప్పుడు ఆగిపొయ్యిందే, అప్పుడు ఊపిరి పీల్చుకున్నా."